వెనక వసారాలో తీరిక

“ఖాళీ టైమును సద్వినియోగం చేసుకోని జాతి బాగుపడదు” అన్నారు మా ఆయన, బెజవాడ రైలు దిగి వచ్చి గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ. చెంబుతో నీళ్ళు పోస్తున్నది నేను. అంతకు ముందు రాట్నం తిప్పుతున్నాను, దానికి ముందు పిండి రుబ్బాను, ఈ చెంబు కింద పెట్టాక పొయ్యి రాజెయ్యాలి. అందుకని “ఎవరి ఖాళీ టైమండీ?” అని అడిగాను, నిజంగానే తెలియక. ఆయన నా మొహంకేసి చూసి, “మీ ఆడవాళ్ళతో ఇదే చిక్కు. ఒక ఉపన్యాసం వినరు, పాడు వినరు” అని తువ్వాలు అందుకున్నారు. సంగతేమిటంటే, యుద్ధం మూలాన నూలుకు కంట్రోలు పెట్టారు కదా, నూలు కోసం బెజవాడ వెళితే ఆఫీసులో రేపు రమ్మన్నారట. ఏం తోచక గవర్నరుపేటలో ఎవరో సంస్కర్త మాట్లాడుతుంటే వెళ్ళి కూచున్నారు. ఆయన ఖాళీ టైము ఆ విధంగా సద్వినియోగమైంది.

మాది పెడన. నేతపని ఇల్లు. “మార్కండేయులు నేసిన పంచెలు” అని ఊళ్ళో మా ఆయనకు మంచి పేరు. ఉండాల్సిందే, ఆయన చేతిలో పనితనం ఉంది, కాదనను. అయితే ఆ పంచె మగ్గం ఎక్కకముందు నూలు ఉడకబెట్టింది ఎవరు, గంజి కాచింది ఎవరు, పడుగుకు నిలువు పోగులు సాగదీసి ఆసు పోస్తూ వీధి ఈ చివర్నించి ఆ చివరికి నడిచింది ఎవరు, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టింది ఎవరు అని ఎవరూ అడగరు. అత్తయ్యా నేనూ చేసేదాన్ని మా వీధిలో పని అనరు, “సాయం” అంటారు. అమావాస్య నాడు మగ్గానికి సెలవు. ఆ రోజు నేతగాడు నాడె ముట్టుకుంటే దోషం. మా ఆయన తలంటు పోసుకుని, గారెలు తిని, రామమందిరం అరుగు మీద పేకాటకు వెళ్ళేవారు. ఆ తలంటుకు కుంకుళ్ళు కొట్టిందీ, గారెలకు పప్పు రుబ్బిందీ మేమే. అమావాస్య మగ్గానికి గానీ రాట్నానికి కాదు, రుబ్బురోలుకు అసలే కాదు. నాకు ఒళ్ళు మండేది. ఒకసారి పైకి అన్నాను కూడా. “మగ్గంతో సమానమా నువ్వు?” అని నవ్వారు మా ఆయన. కోపంగా అనలేదు, అందుకే ఇంకా మండింది.

నాకు మటుకు వేరే సెలవు ఉండేది. నెలనెలా ఆ మూడు రోజులు. ఏ ఇంట్లోనైనా దూరం కూచోబెడతారు గానీ నేతవాళ్ళ ఇంట్లో పట్టింపు మరీ ఎక్కువ. మగ్గం మా అమ్మవారు. నూలు మీద మా నీడ కూడా పడకూడదు. వెనక వసారాలో ఒక చాప, ఒక సత్తు కంచం, ఒక చెంబు. కాపురానికొచ్చిన కొత్తలో అక్కడ కూచుని కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. అన్నం ఎత్తి కంచంలో పడేసేవారు. దొడ్డిదారిన పోయే మాణిక్యమ్మ ప్రతి నెలా ఆగి, “ఏమ్మా శివపార్వతీ, ఇంకా బయట చేరుతూనే ఉన్నావా?” అని దీర్ఘం తీసేది. నాకింకా కడుపు పండలేదని ఊరికంతా అలా దండోరా అన్నమాట. చచ్చిపోవాలనిపించేది. మనిషిని మనిషి ముట్టుకోకపోవడం ఎంత అవమానమో ఆ చాప మీద కూచున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఏడుపు ఎన్నాళ్ళని వస్తుంది? ఏడవడం మానేశాక నిద్ర వచ్చింది. పట్టపగలు, ఎండ చూరులోంచి కాళ్ళ మీద పడుతుండగా, ఎవరూ లేపకుండా పడుకున్న నిద్ర! అమ్మ కడుపులోంచి వచ్చాక అంత నిద్ర పోయి ఎరగను. తరవాత్తరవాత నిద్ర కూడా చాలనిపించింది. అప్పుడు దొరికింది అమలమ్మగారు. మా దొడ్డికి ఆనుకునే వాళ్ళ ఇల్లు. మిషన్ బళ్ళో టీచరు. క్రైస్తవులకు ఈ అంటూ సొంటూ ఏమిటి? కంచెలోంచి చెయ్యి పెట్టి, “ఊరికే కూచున్నావుగా, అక్షరాలు దిద్దుకోకూడదూ?” అని పలక అందించింది. నా వేలు పట్టుకుని దిద్దించింది. ఆ రోజుల్లో నన్ను ముట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే. ఆ చెయ్యి చల్లగా ఉండేది, సుద్దపొడి అంటి ఉండేది. అ ఆలతో మొదలై, గుణింతాలు దాటి, పేపరు దాకా వచ్చాను. లైబ్రరీ నించి ఆమె పుస్తకాలు తెచ్చిచ్చేది. చదివినన్ని చదివేదాన్ని, లేదంటే కొబ్బరాకుల మధ్య ఆకాశం చూస్తూ కూచునేదాన్ని. అమలమ్మగారి మేలు ఈ జన్మకు తీర్చుకోలేను.

అత్తయ్యేమో దగ్గరకొచ్చేది కాదు. దూరం నించే కేకలు. “అక్కడే ఉండు! నూలు మీద చెయ్యి పడిందో, చూడు మరి!” నాలుగో రోజు తెల్లారగట్ల నేను స్నానానికి లేస్తే, “ఎక్కడికి లేస్తన్నావ్? ఇయ్యాళ మూడో రోజేగా” అనేది.

“కాదత్తయ్యా, నాలుగు.”

“నాకు లెక్కలు నేర్పుతున్నావా? నోర్మూసుకుని కూచో.”

పడుగులో ఒక్క పోగు తప్పినా నడుస్తూ నడుస్తూ కనిపెట్టే మనిషి. మూడు రోజులు లెక్కపెట్టలేదేమిటా అనుకునేదాన్ని. ముసలావిడకు మడి చాదస్తం ముదిరిందని సరిపెట్టుకున్నాను. నష్టమేముంది, ఇంకో రోజు పుస్తకం.

ఇక మా ఆయన ఉపన్యాసం సంగతికొస్తాను. ఆ సాయంత్రం అన్నం తింటూ, “ఇవాళ్టి నించి మనింట్లో బయట కూచోడం లేదు” అన్నారు. “మనిషిని పశువులా మూల కూచోబెట్టడం అనాగరికం. స్త్రీకి అన్యాయం.” వడ్డిస్తున్న గరిటె నా చేతిలో ఆగిపోయింది. నిజం చెప్పొద్దూ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొత్తలో నేను ఏడ్చిన ఏడుపంతా ఈయనకు వినబడిందన్నమాట అనుకున్నాను. ఆయన మజ్జిగ పోయించుకుని మాట పూర్తి చేశారు. “నెలకు నాలుగేసి రోజులు ఊరికే దండగ. నేత సంఘం వాళ్ళు పంచెలు పంచెలు అని మీద కూచున్నారు. ఆ రోజుల్లో కూడా నువ్వు కండెలు చుడితే ఇంకో పంచె దిగుతుంది.”

ఆయన చెప్పిన మొదటి సగం న్యాయం. ఆ మైలను నేను ఎన్నడూ నమ్మలేదు, ఆ సత్తు కంచం చూస్తే ఇప్పటికీ విసిరికొట్టాలనిపిస్తుంది. వద్దండీ, నన్ను బయటే కూచోబెట్టండి అని ఏ నోటితో అడగను? అడక్కపోతే నా పుస్తకాలూ నా నిద్రా నా ఆకాశమూ అన్నీ పోతాయి. కంచె దగ్గర అమలమ్మగారితో చెప్పుకుంటే ఆమె నవ్వి, “మాకవేం లేవమ్మా. అందుకే నాకు ఆదివారం చర్చిలో పూజకు కూచున్న కాసేపే తీరిక. అక్కడా కునుకు పడుతుంది, దేవుడు క్షమించాలి” అంది. నేను నవ్వలేకపోయాను.

ఆ నెల రానే వచ్చింది. అలవాటు చొప్పున వసారాలోకి వెళ్ళి చాప పరుచుకున్నాను. మా ఆయన రాట్నం భుజాన వేసుకుని, నూలు చంకన పెట్టుకుని వచ్చారు. ఇన్నేళ్ళలో ఆయన రాట్నం మోయడం చూడ్డం అదే మొదలు. నా ముందు పెట్టి, “ఊఁ, కానియ్యి” అన్నారు.

వంటింట్లోంచి అత్తయ్య గరిటెతో సహా వచ్చింది. “తియ్యరా అది!”

“అమ్మా, అదంతా మూఢనమ్మకం...”

“మూఢమో గీఢమో, దాన్ని కూచోనియ్యి.”

“నీలాంటి ఛాందసుల వల్లే దేశం ఇట్లా ఉంది” అన్నారాయన. అత్తయ్య మొహం చిన్నబోయింది. నాకెక్కణ్ణించి వచ్చిందో ధైర్యం, లేచి నిలబడ్డాను.

“మీరు చెప్పింది నిజమేనండీ. మైలా లేదు, అంటూ లేదు. ఇక నించి ఈ సత్తు కంచంలో తినను, అందరితో పాటే తింటాను. కానీ ఈ నాలుగు రోజులూ నావి. రాట్నం తిప్పను.”

“బాగుందే! పనికి బయటా, తిండికి లోపలా?”

“అమావాస్య నాడు మీరు తినడం లేదూ?”

ఆయన నన్ను ఎప్పుడూ చూడనట్టు చూశారు. తరవాత రాట్నం అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళి మగ్గం గుంటలో దిగారు. ఆ వేళ మగ్గం చప్పుడు వీధంతా వినబడింది.

అత్తయ్య నాకు అల్లంత దూరాన గడప మీద కూలబడింది. గరిటె ఒళ్ళో పెట్టుకుని, నావంక చూడకుండా చెప్పింది. “మా అత్త నన్ను కూచోనిచ్చేది కాదే. నూలు ముట్టుకోకూడదు గానీ పేడ ముట్టుకోవచ్చుగా అనేది. ఆ రోజుల్లో పేడ ఎత్తించేది, కట్టెలు కొట్టించేది, దొడ్డంతా ఊడిపించేది. నడుం పడిపోయేది. అప్పుడే అనుకున్నా, నా కోడల్ని మట్టుకు కూచోబెట్టాలని. ఊరికే కూచోమంటే ఎవరూరుకుంటారు? అందుకే అంత గట్టిగా కేకలేసేదాన్ని. మడి అంటే ఎవడూ మాట్టాడడుగా.”

“మరి నాలుగో రోజు...”

“నాకు లెక్క రాదనుకున్నావా, పిచ్చిమొహమా.”

ఇన్నేళ్ళూ కాపలా అనుకున్నాను, అది కానుక. ఆమె పెట్టిన తీరికలోనే నేను అక్షరం నేర్చుకున్నాను, నిద్రపోయాను, మనిషినయ్యాను. ఏ అమ్మ చేస్తుంది ఇంత? ఆ వెంటనే ఇంకో మాట తట్టింది. నేను చాప మీద కూచుంటే నా పని ఏమైనట్టు? దానంతట అది అవుతుందా? నా వంటా, నా కండెలూ, నా ఆసూ, అన్నీ తన పనితో పాటు నెత్తిన వేసుకుని చేసింది ఈవిడ. ఆమెకు ఆ రోజులు ఆగిపోయి ఎన్నేళ్ళయిందో. బయట చేరడం లేదు కనక ఆమెకు కూచునే రోజంటూ లేదు. పండక్కి లేదు, అమావాస్యకు లేదు. నేను చదివిన ప్రతి పేజీ కింద ఆమె నడుం నొప్పి ఉంది, నాకు ఒక్కనాడూ కనబడలేదు.

లోపల్నించి కేక. “అమ్మా! అన్నం పొద్దుపోతోంది!”

“వస్తన్నా” అంటూ అత్తయ్య మోకాలి మీద చెయ్యి ఆనించి లేవబోయింది.

నేను గబగబా నాలుగడుగులు వేసి ఆమె చెయ్యి పట్టుకున్నాను. గట్టిగా, రెండు చేతులతో. అమలమ్మగారి చెయ్యిలా చల్లగా లేదు. కాయలు కాసి, గంజికి పగిలి, వేడిగా ఉంది.

“ఓసి నీ దుంపతెగ! ముట్టుకున్నావే నన్ను!”

“ముట్టుకున్నానత్తయ్యా.”

“తలస్నానం చేస్తేగాని వంటింట్లోకి పోకూడదే నేనిప్పుడు!”

“పోకూడదు” అన్నాను.

ఆమె నన్ను చూసింది. చాప వంక చూసింది. పొయ్యి మీద ఎసరు మరుగుతున్న చప్పుడు వినబడుతోంది. ఆమె చెయ్యి లాక్కోలేదు. నేను మెల్లగా నడిపించుకొచ్చి చాప మీద నా పక్కన కూచోబెట్టాను. గోడకు వీపు ఆనించి, ఒక కాలు, కాసేపటికి రెండో కాలు చాపింది. ఆమె కాళ్ళు చాపుకుని కూచోగా చూడ్డం నేనదే మొదలు.

“అమ్మా! వినపళ్ళా?”

“మీ ఆవిడ నన్ను ముట్టుకుందిరా! నేను లోపలికి రాకూడదు. స్నానం సాయంత్రం చేస్తా. వార్చుకుని తిను.”

మగ్గం ఆగింది. “మనింట్లో అవన్నీ లేవని చెప్పానా!”

“నీకు లేవురా” అంది అత్తయ్య, కళ్ళు మూసుకుంటూ. “మాకున్నాయి.”