చుట్టపుచూపుగా హొగెనకల్‌కి

"రేపు నువ్వు పనికి పోవద్దు. మాతోపాటు చుట్టపుచూపుగా రా," అన్నాడు ముకేష్, మూడో దోసె తుంచుతూ.

పెనం దగ్గరున్న షర్మిళకు మొదట అర్థం కాలేదు. తను రోజూ పోయేదే హొగెనకల్‌కి. అక్కడ జలపాతం చూడవచ్చినవాళ్ళను వెంటబెట్టుకొని తిప్పడమే ఆమె పని. అక్కడికే చుట్టపుచూపుగా పోవడమేమిటి?

"మన దర్శినిని పెండ్లికి చూసుకొని పోయినారు గదా, హొసూరోళ్ళు. వాళ్ళు జలపాతం చూడాలంట. నువ్వు గవర్నమెంటు ఆఫీసులో ఉండావని చెప్పినాను."

"ఏ ఆఫీసులో?"

"టూరిజం. అదీ ఇదీ ఒకటే గదా," అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

అత్తగారు కాంతామణి వెనకనుంచి అందుకుంది. "నీ పెండ్లి పట్టుచీర కట్టుకో. ఆ పుట్టి పడవలోళ్ళతో, చేపలమ్మేవాళ్ళతో పలకరింపులు పెట్టుకోవద్దు. కోడలు నీళ్ళు చూపించి బతుకుతా ఉందని తెలిస్తే నా కూతుర్ని ఎవరు చేసుకుంటారు?"

ఆ నీళ్ళే ఈ ఇంటిని నిలబెట్టాయి. కరోనా రోజుల్లో ధర్మపురిలోని వాళ్ళ పాత్రల అంగడి మూతపడింది. ముకేష్ ఎనిమిది నెలలు గోడకు ఆనుకొని కూర్చున్నాడు. అప్పుడు గైడులకు శిక్షణ ఇస్తున్నారని విని దరఖాస్తు పెట్టింది తనే. పుట్టింది పెన్నాగరంలో, కాబట్టి కావేరి ఆమెకు కొత్త కాదు. తమిళం, కన్నడం వచ్చు, ఇంట్లో తెలుగు ఉండనే ఉంది, హిందీ పదిమందిని తిప్పేలోగా అదే వచ్చింది. తరువాత అంగడి తెరుచుకుంది, ముకేష్ మళ్ళీ యజమాని అయ్యాడు. ఆమె పనికి మాత్రం ఇంట్లో పేరు లేదు. "అది పోయి వస్తా ఉంటుంది," అంటారు, అంతే. పొద్దున నాలుగింటికి లేచి రెండు పూటలకూ వండిపెట్టి, గిన్నెలు తోమి, ఆరింటి బస్సు పట్టుకుంటుంది. పగలంతా బండల మీద ఎక్కుతూ దిగుతూ, అంచున నిలబడి ఫొటోలు తీసుకొనేవాళ్ళను వెనక్కి లాగుతూ అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటుంది. ఇంటికి రాగానే పెరట్లో కుళాయి కింద స్నానం చేస్తేగాని వంటింట్లోకి అడుగుపెట్టడానికి లేదు, చేపల వాసన వస్తుందట. ముకేష్ అంగడి నుంచి వస్తే కాళ్ళు కడుక్కొంటే చాలు.

ఆ సాయంత్రం మిద్దె మీద బట్టలు తీస్తూ పుట్టి నడిపే మాదప్పన్‌కు ఫోన్ చేసింది. "తమ్ముడూ, రేపు నేను మా ఇంటోళ్ళతో వస్తా ఉండాను. నన్ను ఎరగనట్టే ఉండు. చిన్నతాయికీ చెప్పు."

"ఏలక్కా, ఏమన్నా దొంగతనం చేసినావా?" అని నవ్వాడు మాదప్పన్.



మరునాడు అద్దె వ్యానులో అందరూ బయలుదేరారు. పెండ్లికొడుకు తండ్రి నాగరాజప్ప, తల్లి హొన్నమ్మ, పెండ్లికొడుకు, అతని అక్క, ఆమె అయిదేళ్ళ కూతురు, ఇటునుంచి వీళ్ళు నలుగురు. హొగెనకల్‌లో దిగాక సంచులు, టిఫిన్ క్యారియర్ షర్మిళ చేతికొచ్చాయి. ఎవరూ ఇవ్వలేదు, దించిన చోట మిగిలిపోతే తీసుకుంది. చేపలు వేయించే చిన్నతాయి ఆమెను చూసి, నూనెలోకి తల వంచుకుంది. ఎప్పుడూ "వచ్చినావా కన్నూ?" అని అరిచే మనిషి అంత కష్టపడి ముఖం తిప్పుకుంటే, షర్మిళకు తనే ఏదో తప్పు చేసినట్టు అనిపించింది.

ముందు ముకేష్ నడుస్తూ అందరికీ చెబుతున్నాడు. "ఈ నీళ్ళన్నీ మేట్టూరు డ్యాములోనుంచి వస్తాయి." మేట్టూరు కింద ఉంది. నీళ్ళు పైనుంచి, కర్ణాటక నుంచి వచ్చి, ఇక్కడ దూకి, తరువాత గదా మేట్టూరుకు చేరేది! నాలుగేళ్ళుగా ఎన్ని వేలమందికి చెప్పిన మాట, నాలుక చివరి దాకా వచ్చింది. పండ్లు బిగించి మింగేసింది. పట్టుచీర కుచ్చెళ్ళు తడి బండకు అంటుకుంటున్నాయి. రోజూ కాళ్ళు చూడకుండా దిగే మెట్లు ఆ రోజు ఒక్కొక్కటే చూసుకుంటూ దిగింది.

రేవులో మాదప్పన్ పుట్టి పట్టుకొని నిలబడ్డాడు. అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగాడు. పాప జాకెట్‌లో మునిగిపోయి, గడ్డం మాత్రం కనబడుతూ నవ్వుతోంది. పెండ్లికొడుకు అక్క పాపను ఒడిలో పెట్టుకొని కూర్చుంది, ఆమె పక్కన హొన్నమ్మ. సంచులతో వెనక నిలబడిన షర్మిళ, అలవాటు కొద్దీ నీళ్ళ వైపు చూసింది.

పొద్దున వచ్చినప్పుడు పచ్చగా ఉన్న నీళ్ళు ఒడ్డువారగా టీ రంగుకు తిరిగాయి. నురగ గడ్డలు గడ్డలుగా వస్తోంది. దానిలో పుల్లలు, అప్పుడే తెగినట్టు పచ్చి ఆకులు. అవతల ఆమె రోజూ గుర్తు పెట్టుకొనే పలకబండ జానెడు మునిగింది. మైకులో ఇంకా ఏ మాటా రాలేదు. ఒకవేళ తను పొరబడిందేమో. ఒక్క చుట్టు తిరిగి రావడానికి ఎంత సేపు? ఇప్పుడు నోరు తెరిస్తే దర్శిని పెండ్లి ఏమవుతుంది? ఇవన్నీ ఒక్క క్షణంలో తిరిగాయి, తిరుగుతుండగానే నోరు తెరుచుకుంది.

"మాదప్పా, ఆపు."

ముకేష్ నవ్వు చెరగకుండానే పండ్ల మధ్యనుంచి, "ఊరకుండు," అన్నాడు.

"నీళ్ళు ఎక్కుతా ఉండాయి. అందరూ దిగాల."

"ఆఫీసులో కూర్చునేదానివి, నీకేం తెలుసు?" అని, మాదప్పన్ వైపు తిరిగాడు. "నువ్వు పోనీప్పా."

అతను పోనియ్యలేదు. తెడ్డు తీసి బండ మీద పెట్టాడు. "అక్క వద్దంటే నేను తెడ్డు పట్టను సార్."

"ఈయమ్మ నీకెట్ల తెలుసు?" అంది హొన్నమ్మ.

మాదప్పన్ షర్మిళను చూశాడు. ఇచ్చిన మాట తప్పాలా వద్దా అని అడుగుతున్న చూపు అది. ఆమె సంచులు కింద పెట్టింది.

"నేనిక్కడ గైడునండి. నాలుగేండ్లుగా. ముందు దిగండి. పాపను ఇట్ల ఇయ్యండి."

పాపను దర్శిని చేతిలో పెట్టి, కుచ్చెళ్ళు పైకి దోపుకొని, రేవు వెంబడి పరుగెత్తింది. ఎక్కబోతున్నవాళ్ళను ఆపుతూ తమిళంలో, కన్నడంలో, తెలుగులో కేకలు పెట్టింది. నడి ఏట్లో ఉన్న రెండు పుట్లు ఆ కేక విని వెనక్కి తిరిగాయి. ఇరవై నిమిషాలకు విజిళ్ళు మోగాయి, పుట్లు ఆపమని మైకులో చెప్పారు. గంట తిరిగేసరికి వాళ్ళు నిలబడిన మెట్లు నీళ్ళ కింద ఉన్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఎవరూ దాన్ని గురించి పెద్దగా మాట్లాడలేదు.

 తిరుగుదారిలో వ్యాను పెన్నాగరం దాటాక హొన్నమ్మ అడిగింది. "నీళ్ళ రంగు చూసి ఎట్ల కనుక్కొంటారమ్మా?" షర్మిళ చెప్పింది. నురగ సంగతి, పచ్చి ఆకుల సంగతి, పైన కర్ణాటకలో డ్యాములు తెరిచే సంగతి, మేట్టూరు ఎక్కడుందో కూడా చెప్పింది. ముకేష్ కిటికీలోంచి చింతచెట్లు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక కాంతామణి పట్టుచీరకు పట్టిన బురద వైపు వేలు చూపించింది. "తల తిరుగుతా ఉంది, ఇంటికి పోదాము అని చెప్పుంటే అందరూ దిగేటోళ్ళు గదా. గైడునని చెప్పాల్నా?"

నిజమే. పదమూడేళ్ళ కాపురంలో షర్మిళ కావలసినవన్నీ అట్లాగే సాధించుకుంది. తలనొప్పి అని సినిమాకు పోకుండా, నడుము నొప్పి అని పది రోజులు పుట్టింటికి పోయి. తన మాట చెల్లదుగాని తన నొప్పి చెల్లుతుంది ఈ ఇంట్లో. రేవులో మాత్రం ఆ ఉపాయం ఎందుకు గుర్తుకు రాలేదో ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. అత్తగారు చెప్పేదాకా అసలు తోచనే లేదు.

ముకేష్ నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదోనాటి పొద్దున, నీళ్ళు తగ్గాయి, పుట్లు తిప్పవచ్చునని మాదప్పన్ నుంచి కబురొచ్చింది. ఆమె డబ్బాలో పులిహోర సర్దుకుంటుంటే ముకేష్ వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"హొసూరోళ్ళు ఫోన్ చేసినారు. ఒప్పుకున్నారు."

"మంచిది. దర్శినికి చెప్పినారా?"

"చెప్పినాను. ఒకే మాట, పెండ్లి అయ్యేదాకా నువ్వు ఆ పనికి పోవద్దంట. వాళ్ళ చుట్టాలు అక్కడికి వస్తా పోతా ఉంటారంట."

"హొన్నమ్మగారు అన్నారా?"

"లేదు, నాగరాజప్పగారు అన్నారు." ఇష్టం లేనట్టు, "ఆమె నీ నంబరు అడిగింది," అన్నాడు.

షర్మిళ డబ్బా మూత నొక్కి, సంచిలో పెట్టుకొని, చెప్పులు వేసుకుంది.

"ముహూర్తం ఎప్పుడంట?"

"ఇంకా పెట్టలేదు. ఏదో ఒక ఆదివారం చూస్తామన్నారు."

"ఆదివారం వద్దని చెప్పండి," అంది షర్మిళ. "ఆదివారాలు నాకు పని ఎక్కువ."