రిటర్న్ టికెట్ అడగలేదు

పరాయి దేశపు అల్లుళ్ళను, కోడళ్ళను ఇక్కడికి రప్పించే కాగితాల పని నాది. రెండు కుర్చీలు, ఒక ప్రింటరు, ఎప్పుడూ ఐదు నిమిషాలు వెనక నడిచే గోడ గడియారం, ఇంతే నా ఆఫీసు. అయినా వీసా ఆఫీసరు ఏ కాగితం చూసి మొహం చిట్లిస్తాడో, దేనికి తల ఊపుతాడో నాకు కొట్టిన పిండి. రిటర్న్ టికెట్ చూపించనిదే అతను సొంత బావమరిదిని కూడా లోపలికి రానివ్వడని మా వాళ్ళందరికీ చెబుతుంటాను. అలాంటి నేను ఆసుపత్రి మంచం మీద కూర్చుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని సొంత మొగుడికి వీసా దరఖాస్తు నింపాల్సి వచ్చింది.

మా ఆయనది వేరే దేశం. అక్కడొక రొట్టెల ఫ్యాక్టరీలో పొయ్యిలు బాగుచేసే మెకానిక్. ఇక్కడ ఉండిపోవడానికి పెట్టిన దరఖాస్తు ఎటూ తేలక అతను అక్కడ, నేను ఇక్కడ. తెలుగు మా వదిన దగ్గర ఫోన్లో నేర్చుకున్నాడు. వదిన మా అన్నయ్యను ఎలా పిలుస్తుందో విని, పెళ్ళయినవాళ్ళు అలాగే పిలుచుకోవాలేమో అనుకుని, నన్ను "ఏమండీ" అనడం మొదలుపెట్టాడు. దిద్దబోయాను గానీ, ముద్దొచ్చి వదిలేశాను.

నా కడుపులో గడ్డ ఉందట. చిన్నదే, తీసేస్తే సరిపోతుందన్నాడు అన్నయ్య. డాక్టరును అడిగితే, "మీ అన్నయ్యగారికి అన్నీ చెప్పానమ్మా, మీరు హాయిగా పడుకోండి" అన్నాడు. ఊళ్ళో వాళ్ళ కాగితాలన్నీ నేను చదువుతాను, నా రిపోర్టులు మాత్రం అన్నయ్య సంచిలో ఉంటాయి. అదేమంటే, "ఇక్కడ కూడా ఆఫీసు పెట్టావా?" అని నవ్వేశాడు. అవసరానికి మించి నవ్వాడు.

మా ఇంట్లో చెడు మాట పైకి అనరు. నాన్న పోయిన రోజు కూడా అన్నయ్య నాకు ఫోన్ చేసి, "నాన్నకు కాస్త నీరసంగా ఉంది, ఒకసారి వచ్చిపో" అన్నాడు, అంతే. గుమ్మం ముందు అన్నేసి జతల చెప్పులు చూశాకే నాకు సంగతి అర్థమైంది. ఆ విషయంలో వాణ్ణి ఎన్నిసార్లు దులిపేశానో లెక్కలేదు. అయినా చీమ కుట్టినట్టయినా ఉండదు వాడికి.

"అత్యవసరం కింద పెడుతున్నాను," అన్నాను వాడితో. "డాక్టరు చేత కాస్త గట్టిగా రాయించు. చిన్న ఆపరేషన్ అని రాస్తే ఫైలు పక్కన పడేస్తారు. గోరంతను కొండంత చెయ్యాలి."

అన్నయ్య నా కాళ్ళ మీద దుప్పటి సర్దుతున్నాడు. సర్దిందే మళ్ళీ సర్దాడు.

"రాయిస్తాలే."

"మొహమాటపడకు. అసలే నోట్లో నాలుక లేనివాడివి."

"రాయిస్తానన్నానుగా!" అని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ ఉత్తరం నా కంటపడే దారి లేదు. ఇలాంటి కేసుల్లో ఆసుపత్రివాళ్ళే నేరుగా వీసా ఆఫీసుకు పంపాలి. మాలాంటి ఏజెంట్ల మీద వాళ్ళకున్న నమ్మకం అలాంటిది మరి.

ఆ సాయంత్రం నన్ను అడక్కుండానే కిటికీ ఉన్న గదికి మార్చారు. నాకు నచ్చలేదని పేచీ పెట్టాను. మామూలుగా అయితే వదిన నా ఒక మాటకు పది మాటలు అప్పజెప్పేది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి మా ఇద్దరికీ అదే కాలక్షేపం. ఆ రోజు మాత్రం, "అలాగేలే అమ్మా, చెబుతాను" అంది. నన్ను అమ్మా అని పిలవడం అదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"ఏమండీ! వచ్చేసిందండీ!"

"ఏంటి, ఇంటర్వ్యూ తేదీనా?"

"వీసా అండీ! మీరు చాలా గొప్పవారండీ!"

వారాల తరబడి కాళ్ళరిగేలా తిప్పుతారనుకున్నాను. "ఇంటర్వ్యూ లేకుండానా?"

"లేదండీ. ఆఫీసరుగారే బయటికొచ్చి పాస్‌పోర్టు ఇచ్చారు. నా చెయ్యి పట్టుకున్నారండీ. ఎంత మంచివారో!"

ఆ మనిషి నాకు తెలుసు. ఫోటో అంచు వంకరగా ఉంటే ఫైలు వెనక్కి పంపే రకం.

"రిటర్న్ టికెట్ ఏ తేదీది చూపించావు?"

"అడగలేదండీ. నేనే చూపించబోతే వద్దన్నారు. అది తర్వాత చూసుకోండి అన్నారు."

ఇన్నేళ్ళ నా పనిలో అతను ఆ టికెట్ అడగనిది ఒకే ఒక్కసారి. దర్జీ ఒకాయన, తన భార్యను రప్పించమని ఆసుపత్రి నుంచి కబురు పంపితే కాగితాలు నేనే సర్దిపెట్టాను. టికెట్ సంగతేమిటని ఆఫీసరును ఫోన్లో అడిగితే, "తిరిగి ఎప్పుడు వెళ్ళాలో ఆవిడకు మాత్రం ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు. ఆవిడ వచ్చిన వారంలోనే ఆ దర్జీ పోయాడు.

గోరంతను కొండంత చెయ్యమన్నాను. అన్నయ్య ఏమీ పెంచలేదు. ఉన్నదే రాయించాడు.

భయం వేసింది. ఫోన్ చెవికి అలాగే పెట్టుకుని వదిన వైపు చూశాను. వదిన నా బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా, ఒకే చీరను విప్పి మళ్ళీ మడతపెడుతోంది.

"ఏమండీ, ఉన్నారా?"

"ఉన్నాను."

"నా డ్యూటీ చూసే మనిషి వచ్చే వారం దొరుకుతాడండీ. అప్పుడు బయలుదేరతాను. చిన్న ఆపరేషనే కదండీ?"

అప్పుడే అన్నయ్య తలుపు తీశాడు. నా మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. వాణ్ణి కడిగేయాలని ఉంది. వాడి మీద పడి ఏడవాలనీ ఉంది. అవతల మా ఆయన నా జవాబు కోసం చూస్తున్నాడు. నిజం చెబితే ఆ విమానంలో అంత దూరం ఒక్కడూ ఎలా కూర్చుంటాడు?

"చిన్నదే," అన్నాను అన్నయ్య వైపే చూస్తూ. "కాస్త నీరసంగా ఉందంతే. వచ్చే వారం దాకా ఆగకు. ఇవాళే బయలుదేరి, ఒకసారి వచ్చిపో."

అన్నయ్య తల దించుకున్నాడు.

"సరేనండీ," అన్నాడు మా ఆయన సంతోషంగా.