వాగుకు ఇవతల ఒక మంచం

జమునకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. కొడుక్కి మళ్లీ ఫిట్స్ వచ్చిన వేళ తాము తండాలో ఉండడం, వాగు పొంగి దారి మూసుకుపోవడం.

ఆ పొద్దున జ్వరంలో ఏడాదిన్నర నవీన్ కట్టెలా బిగుసుకుపోతే, చంకనేసుకుని భూపాలపల్లి దిక్కు పరుగెత్తింది. దవాఖాన చేరేసరికి వాడు తేరుకుని నర్సు వినీత మెడలోని కార్డు పట్టుకుని గుంజుతున్నాడు.

"గిప్పుడు మంచిగనే ఉన్నడు. జ్వరంల ఒక్కపారి వచ్చి ఆగితే భయం లేదు. మందిస్తం, ఇంటికి తీస్కపో," అంది వినీత. అది అబద్ధం కాదు. గోడకంటించిన గైడ్‌లైన్లలో అట్లాగే ఉంది. చాలామంది పిల్లలకు అది సరిపోతుంది కూడా.

పిల్లల డాక్టరు సౌజన్య వచ్చి, "ఇల్లు ఎక్కడమ్మా?" అని అడిగింది.

"దగ్గర్నే మేడం." దూరమంటే ఆలస్యంగా తెచ్చావని తిడతారని తండా ఆడవాళ్లంతా చెప్పే మాటే అది.

డాక్టరమ్మ వాడి గుండె విని, మెడ బిగుసుకుందేమోనని వంచి చూసింది. ఆఖరికి ఆమె చూపు తల్లి చీర అంచు దగ్గర ఆగింది. "ఈడ చినుకు పడలె. నీ చీర మోకాళ్ల దాంక ఎట్ల తడిసింది?"

జమున తల వంచుకుంది. "వాగు దాటినం."

"రోడ్డు లేదా?"

"ఉన్నది మేడం. వాగు కింద."

వినీతకు నవ్వు ఆగలేదు. డాక్టరమ్మ మాత్రం కిటికీలోంచి మబ్బు వంక చూసింది. "రేపటి దాంక ఈడనే ఉండనియ్యి."

"గైడ్‌లైన్ల లేదు మేడం. దవాఖాన పెద్దసారు అడుగుతడు."

"అడగనియ్యి. రాసినోళ్లు మంచిగనే రాసిన్రు, గని వాళ్లు వాగును సూడలె. సూసేటందుకే కదా నన్ను గీడ కూసోపెట్టిన్రు."

మధ్యాహ్నానికి వాన దంచింది. సాయంత్రం జ్వరం ఎగదన్ని నవీన్ మళ్లీ బిగుసుకుపోయాడు. జమున పిలవకముందే వినీత వాణ్ని పక్కకు తిప్పింది, డాక్టరమ్మ ముక్కులో మందు కొట్టింది. కాసేపటికి వాడి ఒళ్లు వదులై, అమ్మ కొంగు పట్టుకుని నిద్రపోయాడు. అప్పటికే వాగు దాటే దారి లేదని మొగుడు రాజేందర్ తండా నుంచి ఫోన్ చేశాడు.

దండం పెట్టబోయిన జమున చేతులను డాక్టరమ్మ పట్టుకుని ఆపింది. "మల్ల వస్తే దూరమనే చెప్పు. ఎవరన్న తిడితే నేను సూసుకుంట."

తెల్లారి వాడు మంచం మీద కూర్చుని బన్ను నములుతున్నాడు. జమునకు మాత్రం నెమ్మది లేదు. తండాలో పక్కింటి జమ్లీకి నెలలు నిండాయి. డాక్టర్లు చెప్పిన తారీఖు ఇంకా రాలేదని వాగవతలే కూర్చుంది, ఇప్పుడు నొప్పులొస్తే దాటే దారి లేదు. వాగు తగ్గాక ఆ దిక్కు పోయేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, జమ్లీ ఎట్లా ఉందో జర తలుపు తట్టి చూడండి.