అరెస్టు కానివాళ్ల బెంచీ

మనిషిని పట్టుకొస్తే ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి. ఇంటికి కబురు పంపాలి. డాక్టరుకి చూపించాలి. వకీలుతో మాట్లాడనివ్వాలి. ఇరవై నాలుగు గంటలు దాటకుండా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అరెస్టు చేస్తే ఇన్ని పనులున్నాయి. చెయ్యకుండా నా మీద కూర్చోబెడితే ఒక్కటీ లేదు.

నేను ఒక బెంచీని. పోలీసు స్టేషను వరండాలో, లాకప్ గదికి బయట, గోడవారగా ఉండేదాన్ని. నా పుట్టుకేం గొప్పది కాదు. దొంగచాటుగా తరలిపోతూ పట్టుబడిన టేకు దుంగని. కేసు కొట్టేశారు, నాకోసం ఎవరూ రాలేదు. స్టేషనువాళ్లే ఒక వడ్రంగిని పిలిచి కోయించి, చిత్రిక పట్టించి, కాళ్లు బిగించారు. ఆ తర్వాత ఎందరో ఎస్సైలు మారారు. నేను మాత్రం అక్కడే.

నా మీద కూర్చున్నవాళ్లు ముద్దాయిలు కారు, 'మాట్లాడ్డానికి పిలిచినవాళ్లు'. లాకప్ తలుపు దాటితేనే గంటలు లెక్కకొస్తాయి. ఇవతల ఎన్నాళ్లున్నా లెక్క లేదు. చూసేవాళ్లు మాత్రం, లోపలికి పోలేదు, అదృష్టవంతుడు అనుకునేవారు.

సూరయ్య పొలాల్లో మోటార్లు బాగుచేసేవాడు. ఊళ్లో మోటార్లు దొంగలపాలవుతుంటే, వాటిని విప్పడం తెలిసినవాడు ఇతనే కదా అని సంతరోజు పట్టుకొచ్చారు. మళ్లీ సంత వచ్చింది. ప్రశ్నలు వెనకగదిలో, మిగతా పొద్దంతా నా మీద. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడంలేదు. అతని భార్య తవిటమ్మ బడిలో వంట చేసేది, రోజూ గంజి తెచ్చేది. ఆ పూట ఆమెతో నెమ్మదిగా అన్నాడు.

"ఒప్పేసుకుంటానే. నేను తియ్యనేదని సెప్పీ ఓపిక నేదు."

తవిటమ్మ గంజి గిన్నె నా మీద పెట్టి ఎస్సై దగ్గరకెళ్లింది. అరెస్టయితే మర్నాటికల్లా కోర్టుకి తీసుకెళ్లాలని బడిలో పంతులమ్మ చెప్పిందట.

"మా ఆయన్ని అరెస్టు సేసీండి బాబూ."

అందరూ నవ్వారు. మొగుడి మీద అంత కోపమేటమ్మా అని హెడ్డు కానిస్టేబులు వేళాకోళమాడాడు. ఎస్సై కూడా నవ్వుతూనే, అరెస్టేమీ లేదు, ఊరికే మాట్లాడుతున్నాం అన్నాడు.

ఆమె వెనక్కొచ్చి సూరయ్య చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరూ మెట్లదాకా వెళ్లారు.

"ఎక్కడికి? ఎవరు వెళ్లమన్నారు?" అన్నాడు ఎస్సై.

"ఎవులు ఉండమన్నారు బాబూ?"

వరండాలో ఫిర్యాదులివ్వడానికొచ్చిన జనం చూస్తున్నారు. వెళ్లనిస్తే పరువు పోతుంది, ఆపితే అది అరెస్టే. ఎస్సై ఆపాడు. సూరయ్యని లోపల పెట్టి, ఆవేళే బస్టాండు దగ్గర పట్టుకున్నట్టు రాశారు.

మర్నాడు కోర్టులో మేజిస్ట్రేటు అతని పాదాలు చూసి, ఎప్పుడు తెచ్చారని అడిగారట. కిందటి సంత నుంచి అన్నాడు సూరయ్య. దొంగతనం ఒప్పుకోలేదు. ఆసుపత్రికి పంపి, తర్వాత బెయిలిచ్చారు. చాలా ఏళ్లకి కేసు వీగిపోయింది. నడక మాత్రం మునుపటిలా కాలేదు. ఎస్సైకి బదిలీ అయింది, శిక్షేం కాదు.

కొత్త భవనం కట్టాక నన్ను పెరట్లో, తుప్పుపట్టిన బళ్ల మధ్య పడేశారు. వరండాలో ఇప్పుడు ఇనుప కుర్చీలు. వాటి మీదా 'మాట్లాడ్డానికి పిలిచినవాళ్లే'.

నా మీద ఎందరో కూర్చున్నారు, వాళ్ల పేర్లు మీకు చెప్పి లాభంలేదు. ఆ వారమంతా వచ్చినా ఒక్కసారి కూడా నా మీద కూర్చోని మనిషి ఒకామె ఉంది. కోరాడ తవిటమ్మ. ఆమెని గుర్తుపెట్టుకోండి.