రెండు అట్టముక్కల మధ్య ఒరిగిన మేడ

నేను ఒక నల్ల అట్టను. ఒకటి అన్నానుగానీ, ఉన్నది రెండు ముక్కలు. ఒక్కోటీ వడ్రంగి మూలమట్టంలా, ఇంగ్లీషు ఎల్ అక్షరంలా ఉంటుంది. ఫొటో మీద రెంటినీ ఎదురెదురుగా పెట్టి జరిపితే చట్రమవుతాను. ఎంతవరకు ఉంచాలో, ఎక్కడ కోసేయాలో చూపించడం నా పని.

కాకినాడలో స్టూడియో నడిపే వీరభద్రం మాస్టారు, ఫొటో కాగితాలు వచ్చే పెట్టె మూతను బ్లేడుతో కోసి నన్ను చేశారు. ఆయనకు పాత కట్టడాలంటే ప్రాణం. ఆదివారం పొద్దున్నే నలుగురైదుగురు ఆయన దగ్గర చేరి, తాము తీసిన పాత మేడల ఫొటోలు బల్ల మీద పరిచేవారు. అక్కడొక కట్టుబాటు ఉండేది. ఫొటో ఎవరిదో చెప్పకూడదు. నన్ను ఎవరి ముందుకు జరిపితే వాళ్లు మాట్లాడాలి. ముందు బాగున్నది చెప్పాలి, తర్వాత సరిచేయాల్సింది. అదయ్యేదాకా తీసినవాళ్లు నోరు మెదపకూడదు.

మనుషులు చిత్రమైనవాళ్లు. "మొహమాటం లేకుండా చెప్పండి" అంటారు, చెప్పబోతే మొహం మాడ్చుకుంటారు. నన్ను ఫొటో మీద పెట్టగానే బల్ల అంచున ఎవరివో వేళ్లు బిగుసుకునేవి. అందులోనూ మాస్టారి మాట కరుకు. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే సుభాషిణి మొదటిసారి ఫొటో తెచ్చినప్పుడు, "ఈ స్తంభాలు తాగొచ్చాయేంటమ్మా" అనేశారు. ఆమె రెండు వారాలు మొహం చూపించలేదు. తర్వాత వచ్చి, ఆయన దగ్గరే అన్నీ నేర్చుకుంది.

ఒక ఆదివారం బల్ల మీదికి జగన్నాథపురంలోని ఓ షావుకారు మేడ ఫొటో వచ్చింది. మంగళవారం టౌన్‌హాల్లో ప్రదర్శన. సోమవారం సాయంత్రంలోగా ఫొటోలు ఫ్రేముల కొట్టుకి చేరాలి. అది మాస్టారిదేనని అందరికీ తెలుసు. అంత నెమ్మదైన ఎండ కోసం కాచుకునేది ఆయనొక్కరే. కానీ మేడ కుడివైపుకి ఒరిగి ఉంది. అలాగే గోడకెక్కితే ఊరు నవ్వుతుంది. చెబితే మాస్టారు ఏమంటారో. నన్ను సుభాషిణి ముందుకు జరిపారు. ఆమె అరచేతి చెమటకి నేను మెత్తబడ్డాను.

"చెప్పడానికేముందండీ, దిష్టి తీసి తగిలించేయడమే" అన్నాడు మందుల షాపు సాంబమూర్తి.

"వెలుగు బాగా పట్టారండి. పిట్టగోడ మీద పువ్వులన్నీ కనపడతన్నాయి" అంది సుభాషిణి. నన్ను ఫొటో మీద పెట్టి మెల్లగా పక్కకి తిప్పింది. నేను ఎంత వంకరగా కూర్చుంటే మేడ అంత తిన్నగా నిలబడింది.

"మేడ వొరిగిందండి. ఇలా పెడితే నిలబడద్ది గానీ, పిట్టగోడ మూల తెగిపోద్దండి."

"పాత మేడ కదమ్మా, ఆమాత్రం వొరగదా" అన్నాడు సాంబమూర్తి.

"మేడ బానే ఉందండి, నిన్న అటెళ్లినప్పుడు చూశాను. తీసినవారికి మోకాలు నొప్పేమోనండి. ఒక్క కాలి మీదే బరువేసి నిలబడతన్నారు."

బల్ల కింద మాస్టారి చెయ్యి మోకాలి మీదికి వెళ్లింది. మెట్ల మీద జారిన సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

"ఎన్నాళ్లబట్టి ఇలా వస్తన్నాయి?" అన్నారు.

"వానలప్పటినుంచండి."

"మరి ఒక్కళ్లూ అనలేదేం?"

"మిమ్మల్ని చూస్తే మాకే మోకాళ్లు వణుకుతాయి కదండీ" అన్నాడు సాంబమూర్తి. నవ్విద్దామనే అన్నాడుగానీ, తనే నవ్వలేకపోయాడు.

మాస్టారు నన్ను తీసి తానే సర్దబోయారు. మూల తెగింది. ఇంకోలా పెట్టారు. మేడ ఒరిగింది. చివరికి ఫొటోని బోర్లించేశారు. సుభాషిణి తల దించుకుంది. తిట్టు పడుతుందనే నేనూ అనుకున్నాను.

"రేపు పొద్దున్నే మళ్లీ తీద్దాం. నువ్వు రావాలమ్మా. నేను వొరిగినప్పుడల్లా చెప్పాలి."

"చెప్తానండి."

"కాస్త మెల్లిగా చెప్పు."

ఇప్పుడు నా అంచులు పీచులు తేలాయి. మాస్టారు ఇచ్చేశాక సుభాషిణి సొరుగులో ఉంటున్నాను. కొత్తవాళ్లెవరైనా ఫొటో తెస్తే బయటికి తీస్తుంది. దాని మీద పెట్టేముందు, తెచ్చినవాళ్ల మొహంలోకి ఒక్క క్షణం చూసి ఆగుతుంది. ఆ క్షణంలో అట్టనైన నాకూ గుండె ఉన్నట్టే ఉంటుంది.