నా కాళ్ళ కింది చెక్కముక్కలు

నేను చలికాలంలో గదిని వెచ్చబెట్టే ఒక ఇనుప రేడియేటర్ని. రెండువేల పద్నాలుగు జనవరి పద్దెనిమిది, శనివారం ఉదయం, జెర్సీ సిటీలోని ఒక పాత ఇటుకల భవనంలో, మూడో అంతస్తు వాటాలో నా చుట్టూ ఐదుగురు చేరారు: అక్కడ అద్దెకుంటున్న మృత్యుంజయం, ఆయన భార్య హైమవతి, కింది వాటా రాజ్యలక్ష్మి, భవనం మరమ్మతులు చూసే ఎస్తెబాన్, యాజమాన్యం పంపిన ఏజెంటు. రాజ్యలక్ష్మి చంకలోని నెలల పిల్లవాడితో ఆరుగురు. వాడొక్కడికే నా మీద ఫిర్యాదు లేనట్టు బోసినవ్వు నవ్వాడు.

వారెందుకు చేరారో తెలియాలంటే నా తీరు తెలియాలి. కరిగిన ఇనుమును ఇసుక అచ్చుల్లో పోసి నన్ను తయారుచేశారు. చల్లారాక పక్కటెముకల్లాంటి నా భాగాలను బిగించి, ఈ కిటికీ కింద నిలబెట్టారు. నూరేళ్ళు కావస్తోంది. ఒక దర్జీ నా మీద తడి కోట్లు ఆరబెట్టాడు. ఒక విధవరాలు తన పిల్లిని పడుకోబెట్టింది. తరవాత వచ్చిన ఒక పెద్దమనిషి నాకు వెండిరంగు పూసి, తానే నన్ను కనిపెట్టినంత గర్వపడ్డాడు. చాలా భాషలు విన్నాను. తెలుగు మాత్రం ఈ దంపతులు వచ్చాకనే, ఇడ్లీపిండి వాసనతో పాటు నాకు వంటబట్టింది.

నేలమాళిగలో బాయిలరు మరుగుతుంది. ఆవిరి ఒకే ఒక్క గొట్టంలో పైకి వచ్చి నాలో చేరి, వేడి నాకిచ్చి, నీరై, వచ్చిన దారినే దిగిపోవాలి. అందుకని నేను గొట్టం వైపు రవ్వంత వాలి ఉండాలి. వాలు తప్పితే నీరు నా కడుపులోనే నిలిచిపోతుంది. వచ్చే ఆవిరి ఆ నీటిని విసిరి కొడుతుంది. అప్పుడు నేను సుత్తిదెబ్బలు తిన్నట్టు ధణధణ మోగుతాను. నాకున్న మాట అదొక్కటే.

అక్టోబరులో ఎస్తెబాన్ వచ్చి, గొట్టానికి దూరంగా ఉన్న నా కాళ్ళ కింద రెండు చెక్కముక్కలు దోపి, వాలు సరిచేసి, హైమవతి ఇచ్చిన టీ తాగి వెళ్ళాడు. చలి ముదిరాక ఇడ్లీపిండి పులియడం మానేసింది. హైమవతి నా మీద దుప్పటి మడతపెట్టి పిండిగిన్నె ఉంచింది. పిండి పులిసింది, కాని నా వాలుకు ఒకవైపే పొంగి గోడమీదికి కారింది. మృత్యుంజయం చదువుకున్నవాడు, కొలతల మనిషి. పళ్ళెంలో నీళ్ళు పోసి నా నెత్తిన పెట్టి పరీక్షించాడు. "ఏం పనివాళ్ళో! వంకరగా నిలబెట్టి పోయారు," అంటూ చెక్కముక్కలు లాగేసి, ఊగుతున్న బియ్యం డబ్బా కింద పెట్టాడు. పళ్ళెంలో నీరు సమంగా నిలిచింది. నాలోనూ నిలిచింది.

మర్నాటి నుంచి నా మోత. అందరూ చలిని తిట్టారు, ఆ తరవాత ఒకరినొకరు.

"తెల్లారకుండా ఆ రోకటిపోటు ఏమిటి వదినా?" అంటూ రాజ్యలక్ష్మి ఒకనాడు పైకి వచ్చింది. "పిల్లాడు ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మినప్పప్పు దంచుతున్నావా, నా గుండెలు దంచుతున్నావా?"

"అమ్మతోడు రాజ్యం, మా ఇంట్లో రోలే లేదు. ఉన్నది గ్రైండరు. మోగేది ఆ రేడియేటరే."

"అయితే దానికి చేతులు మొలిచాయి కాబోలు!"

తన పురిటికి పథ్యం వండిపెట్టిన వదిన మీదే ఆమెకు అనుమానం పెరిగింది. రాజ్యలక్ష్మి యాజమాన్యానికి ఫిర్యాదు చేసింది. తనిఖీకి వస్తున్నామని జవాబు వచ్చింది: అద్దెకున్నవారు రేడియేటర్ని కదిలించి ఉంటే వాటా ఖాళీ చేయాలి, పనివాడు అశ్రద్ధ చేసి ఉంటే అతని ఉద్యోగమూ, నేలమాళిగలో అతనికిచ్చిన గదీ పోతాయి.

శుక్రవారం సాయంత్రం, వచ్చేవారి కోసం ఇల్లు సర్దుతూ హైమవతి బియ్యం డబ్బా జరిపింది. చెక్కముక్కలను పోల్చుకుంది. నన్ను ఎత్తలేక ఎత్తి వాటిని నా కాళ్ళ కింద దోపింది. ఆవిరి వచ్చింది. నేను పలకలేదు.

"ఏవండీ, ఇటు రండి. ఏమన్నా వినబడుతోందా?"

"ఏమీ లేదే."

"అదే చెబుతున్నా. పిండి ఒలికిందని మీరు తీసినవి ఇవే. రేపు వాళ్ళకి చెప్పేద్దాం."

"చెప్పి రోడ్డున పడదామా? మన పాప చదువు సంవత్సరం మధ్యలో ఉంది. అతనిదేముంది, పనివాడు, ఎక్కడైనా చోటు దొరుకుతుంది."

"చోటు దొరికేదైతే మనకూ దొరుకుతుందిగా?"

ఆయన వంగి చెక్కముక్కలు లాగి కోటు జేబులో వేసుకున్నాడు. ఆమె చూస్తూ నిలబడింది.

శనివారం ఐదుగురి మధ్యా ఆవిరి వచ్చింది. నేను మోగాను. పిల్లవాడి నవ్వు ఏడుపయింది. ఏజెంటు వంగి నా కాళ్ళ కిందికి చూసింది.

"ఇక్కడ ఏమీ లేవే? వాలు చూడమని చెప్పాను కదా ఎస్తెబాన్!"

"చూశానమ్మా. అక్టోబరులో రెండు చెక్కముక్కలు పెట్టాను. ఎవరో తీశారు."

"మేం వచ్చినప్పటి నుంచీ ఇలాగే ఉంది," అన్నాడు మృత్యుంజయం, నా వంక చూడకుండా.

ఎస్తెబాన్ హైమవతి వైపు తిరిగాడు. "అమ్మా, ఆ రోజు మీరు ఇక్కడే ఉన్నారు. టీ ఇచ్చారు. నేను పెట్టడం చూశారు."

అందరి చూపులూ ఆమె మీద పడ్డాయి. రాజ్యలక్ష్మి తెలుగులో ధైర్యం చెప్పింది: "చెప్పు వదినా, మొహమాటం ఎందుకు? పని ఎగ్గొట్టినవాణ్ణి ఎగ్గొట్టాడనే అనాలి."

హైమవతి పెదవులు కదిలాయి. అంతలో పక్కగదిలోంచి పాప పాఠం వల్లెవేయడం వినిపించింది.

"నాకు గుర్తు లేదు," అంది.

ఎస్తెబాన్ అబద్ధమాడటం లేదని చెప్పాలనుకున్నాను. నా కడుపులోని నీరంతా కూడదీసుకుని, ఈ నూరేళ్ళలో ఎన్నడూ మోగనంత గట్టిగా మోగాను.

"విన్నారుగా," అంది ఏజెంటు. "ఇంతకన్న రుజువేం కావాలి?"

మనుషులకు సాక్ష్యం చెప్పడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. ఎంత గట్టిగా చెబితే అంతగా ఆ నిరపరాధి మెడకే చుట్టుకుంది.

ఎస్తెబాన్ తన పెట్టెలోంచి కొత్త చెక్కముక్కలు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, పోయే ఉద్యోగానికి కూడా కొరత రానీయకుండా, నా వాలు సరిచేశాడు. నాలోని నీరు గొట్టంలోకి జారిపోయింది. దానితో నా నోరూ పోయింది.

"క్షమించు వదినా, నిన్ను అనుమానించాను," అని రాజ్యలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది. హైమవతి ఆ చెయ్యి విడిపించుకోనూ లేదు, పట్టుకోనూ లేదు.

రేడియేటర్ కింద ఎన్నడూ ఏమీ లేదని, అద్దెకున్నవారు దేన్నీ ముట్టుకోలేదని ఏజెంటు కాగితం రాసింది. మృత్యుంజయం తన అందమైన దస్తూరీతో సంతకం చేసి కలం భార్యకు అందించాడు. ఆమె కాగితం పెట్టుకోవడానికి చదునైన చోటు వెతికి, చివరకు నా మీద మడతపెట్టిన దుప్పటి మీదే పెట్టింది. కలం కదిలినంతసేపూ దాని ఒత్తిడి నాకు తెలుస్తూనే ఉంది. నాలో ఆవిరి నిండుగా ఉంది, చుక్క నీరు లేదు. ఏజెంటు ఆ కాగితాన్ని తీసుకుని, మూడు మడతలు పెట్టి, సంచి లోపలి అరలో దాచుకుంది.