క్యారియర్ మీద నీళ్ల గిన్నె

తూనీగ అని ఆ అమ్మాయికి ఊరికే పేరు రాలేదు. ఇంట్లో ఏ ఫోటో తీసినా మిగతావాళ్లంతా ఒక్కొక్కరే పడతారు, తను మాత్రం ముగ్గురుగా పడుతుంది. అలాంటి మనిషికి బేకరీవాళ్లు సైకిలు మీద కేకులు చేరవేసే పని ఇచ్చారు.

ఈ వారంలో రెండు పాడయ్యాయి. మొదటిది మూడంతస్తులతో బయల్దేరి ఒకే అంతస్తుతో చేరింది. రెండోదాని మీద రాసిన పేరు కేకుని వదిలేసి డబ్బా గోడకి అంటుకుంది.

“ఇవాళ సాయంత్రం కేకు కూడా ఇలాగే వెళ్లిందంటే, రేపట్నుంచి ఈ పని ఎదురింటి స్కూటరాయనకి ఇచ్చేస్తా” అంది ఓనరమ్మ.

తూనీగ తిన్నగా బాబాయి సైకిలు షాపుకి వెళ్లి, జరిగిందంతా చెప్పింది. ఆయన, రోగిని చూడ్డానికి వచ్చిన దూరపు చుట్టంలా సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు.

“సాయంత్రంలోపు ఒక్కటే మార్చగలను. ఏది మార్చమంటావ్?”

“టైర్లు.”

బాబాయి పానా అందుకున్నాడు.

“కాదు కాదు, గేర్లు పెట్టు.”

ఆయన ఇంకో పానా తీశాడు.

“ఆగు బాబాయ్, సీటేమో. దాని మీద కూర్చుంటే ఆ పూట నిలబడి తినాల్సొస్తోంది.”

“ఇంకో నాలుగు చెప్పమ్మడూ, కొత్త సైకిలే అయిపోతుంది.”

నిజానికి ఆమె మనసంతా గేర్ల మీదే. వేగంగా వెళ్తే కేకుకి పాడయ్యే తీరిక ఉండదని ఆమె లెక్క. కానీ లెక్క తప్పితే పని పోతుంది. అందుకే కూర్చోలేక, నిలబడలేక, షాపులో ఉన్న బెల్లులన్నీ వరసగా మోగిస్తోంది.

పక్క గదిలో బట్టలు ఇస్త్రీ చేస్తున్న మేనత్త ఇక తట్టుకోలేక గిన్నెడు నీళ్లతో బయటికొచ్చింది.

“ఒరేయ్ తమ్ముడూ, ఆ పానా కింద పెట్టు. నువ్వు సైకిలెక్కవే. నేను గిన్నె పట్టుకుని వెనక కూర్చుంటా. ఎక్కడ ఒలుకుతుందో అదే నీ సైకిలు జబ్బు.”

“నువ్వు కేకంత తేలికా అత్తా?”

“నీ కేకు కంటే కుదురుగానే కూర్చుంటాలే.”

గతుకుల్లో నాలుగు చుక్కలు అత్త ముఖాన పడ్డాయి. ఎత్తెక్కేటప్పుడు కాసిని ఒళ్లో పడ్డాయి. మలుపు దగ్గర తూనీగ బ్రేకు నొక్కింది. ఏమీ కాలేదు. ఇంకా గట్టిగా నొక్కింది. ఆ కీచుకి పక్క సందులో నడుస్తున్నవాళ్లు ఆగారు గానీ సైకిలు ఆగలేదు. ఆ తర్వాత చక్రం ఒక్కసారిగా బిగుసుకుంది. గిన్నె మొత్తం తూనీగ వీపు మీద బోర్లపడింది.

షాపుకి రాగానే అత్త ఆమెని వెనక్కి తిప్పి నిలబెట్టింది.

“చూడరా, ఎక్కడ తడిసిందో.”

బాబాయి చూశాడు. “మొన్న ఆ పేరు ఏ గోడకి అంటుకుందన్నావ్?”

“నా వైపు గోడకే” అంది తూనీగ, నీరసంగా. “అంటే బ్రేకులా? బ్రేకులు మార్పించానని ఎవరికైనా గొప్పగా చెప్పుకుంటారా బాబాయ్?”

“చెప్పుకోకు. ఆగు, చాలు.”

ఆయన బ్రేకులు బిగించేలోపు షాపు ముందు నేల ఆమె తిరుగుడుకి అంగుళం అరిగింది.

సాయంత్రం కేకుతో బయల్దేరింది. వేలు ఆనిస్తే చాలు, సైకిలు మెత్తగా మాట వింటోంది. దాంతో కొత్త బాధొకటి వచ్చిపడింది. ఎర్రలైటు పడగానే నిజంగానే ఆగాల్సొచ్చింది. ఎర్రలైటు అంతసేపు ఉంటుందని ఆమెకి అప్పటిదాకా తెలీదు. ఆ కాసేపట్లో పక్క కారులోని పసివాడికి మీసాలొచ్చి ఉంటాయని కూడా అనిపించింది. ఆమె కాలు పెడల్ మీద టకటకలాడుతూనే ఉంది. వెనక డబ్బా మాత్రం కదల్లేదు.

కేకు తెప్పించుకున్నావిడ గుమ్మంలోనే మూత తీసి, చాలాసేపు చూసి, ఓనరమ్మకి ఫోన్ చేసింది.

“వచ్చిందండీ. ఆఁ, కేకులాగే ఉంది.”

అవతల నుంచి వచ్చిన జవాబు విని ఆవిడ తలెత్తింది.

“అమ్మాయ్, రేపటివి రెండూ నిన్నే తీసుకెళ్లమంటోంది మీ ఓనరు.”

అప్పటికే వీధి చివరిదాకా వెళ్లిపోయిన తూనీగ బ్రేకు నొక్కి ఉన్నచోటే ఆగింది. వెనక్కి తిరిగి, “ఏమన్నారూ?” అంది.